నిమ్మకాయలూ, షర్బత్తూ

మనకు నిమ్మకాయ శుభం. జనవరి ఒకటిన పెద్దల దగ్గరికి వెళ్తూ చేతిలో నిమ్మకాయ పట్టుకెళ్ళడం మనకు అలవాటే. కొత్త కారు కొంటే చక్రాల కింద పెట్టి తొక్కించేదీ నిమ్మకాయనే. అమెరికావాళ్ళ ఇంగ్లీషులో మాత్రం ఒక్కోసారి ఆ కారే నిమ్మకాయ! పైకి నిగనిగలాడుతూ, కొన్నాక ఏడిపించే వస్తువును వాళ్ళు "లెమన్" అంటారు. 1960లో వోక్స్‌వ్యాగన్ కంపెనీ తన కారు బొమ్మ కిందే ఆ మాట వేసి ప్రకటన ఇచ్చింది. చిన్న మచ్చ ఉన్నా ఆ కారును బయటికి పంపలేదని చెప్పుకోవడానికన్నమాట. తిట్టును కూడా అమ్ముకున్నారు, గడుసువాళ్ళు.

ఇదే కాయతో వాళ్ళకు ఇంకో నానుడి ఉంది. జీవితం నీకు నిమ్మకాయలిస్తే షర్బత్తు చేసుకోమని. డేల్ కార్నెగీ 1948 నాటి తన పుస్తకంలో దీన్నో అధ్యాయమే చేశాడు. అంతకు చాలా ముందే, 1915లో, మార్షల్ వైల్డర్ అనే హాస్యనటుడు పోయినప్పుడు ఎల్బర్ట్ హబ్బర్డ్ అనే రచయిత ఇలాంటి మాటే రాశాడు. వైల్డర్ మరుగుజ్జు. ఆ శరీరంతోనే జనాన్ని నవ్వించి పేరు తెచ్చుకున్నాడు.

వైల్డర్‌కు ఆ పులుపు ఇచ్చింది విధి. తిరిగి ఇచ్చేద్దామంటే దుకాణం లేదు. పైగా హబ్బర్డ్ చేసింది మెచ్చుకోలు, సలహా కాదు. షర్బత్తు చేసుకున్నవాణ్ణి మెచ్చుకోవడం వేరు, పులుపు మింగలేక కూర్చున్నదాన్ని చేసుకోవే అనడం వేరు. అసలు ఒట్టి నిమ్మకాయతో షర్బత్తు అవుతుందా? పంచదార ఎవరిస్తారు? సలహా ఇచ్చేవాళ్ళెవరూ పంచదార డబ్బా వెంట తెచ్చినట్టు నేను చూడలేదు.

మన ఇళ్ళల్లో ఈ సలహా పేరు "సర్దుకుపో". ఆడపిల్లలకే ఎక్కువగా చెప్తాం లెండి. మాకు తెలిసిన ఒకమ్మాయి పెళ్ళయిన ఏడాదికే పుట్టింటికి వచ్చేసింది. అబ్బాయి తాగుడు సంగతి వాళ్ళవాళ్ళందరికీ ముందే తెలుసు. పెళ్ళిచూపుల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ఇప్పుడు అడిగితే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. "నువ్వే దారిలో పెట్టుకోవాలమ్మా" అని పిల్ల తరఫు బంధువులు కూడా బోధిస్తున్నారు.

ఇది విధి ఇచ్చిన నిమ్మకాయ కాదు, మనుషులు అంటగట్టినది. పాత కార్ల బేరం మీద జార్జ్ అకర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన వ్యాసం పేరులోనే నిమ్మకాయలున్నాయి. లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, దాంతో మొత్తం బజారే చెడుతుందన్నాడాయన. 2001లో మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం "నిమ్మకాయ చట్టం" చేసింది. కొత్త కారును పదేపదే బాగుచేసినా లోపం పోకపోతే కంపెనీ కారు మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు వాపసు చెయ్యాలి. కారు కొన్నాయన్ని మాత్రం షర్బత్తు చేసుకోమనలేదు చూడండి!

ఆ పిల్ల తల్లికి ఇదంతా చెప్పాను. ఆవిడ కూర తరుగుతూ విని, "కారుకైతే రసీదుంటుందండీ" అంది. నిజమే. విడాకులకు దారి ఉన్నా, ఆ దారిన నడవాల్సింది ఆ పిల్లే. అందుకే వచ్చెయ్యమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. నీకేం కావాలమ్మా అని అడిగాను. అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదట. కాసేపు ఊరుకుని, ముందు అత్తవారింటి బీరువాలో ఉన్న తన సర్టిఫికెట్లు తెప్పించమంది.