నాగలి ముట్టని నేల

నిరుడు ఐదో తరగతిలో వ్యవసాయం పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, మా అమ్మమ్మ కొండమీద కర్రతో గుంట పొడిచి కంది గింజలు వేస్తుంది. దున్నదు. అది వ్యవసాయం కాదా?" పాఠంలో నాగలి బొమ్మ ఉంది, ట్రాక్టరు బొమ్మ ఉంది, కర్ర బొమ్మ లేదు. "అది పాత పద్ధతమ్మా" అనేశాను. కొండరెడ్ల ఇంట పుట్టి, ఆ కర్ర పట్టుకునే పెరిగినవాణ్ణి. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ పాత పద్ధతినే ఇప్పుడు జీరో టిల్లేజ్ అంటున్నారు. కొండవాలును దున్నితే గట్టి వానకు మెత్తని మన్నంతా వాగులో పడుతుంది. దున్నకపోతే చచ్చిన వేళ్ల దారులు, వానపాముల బొరియలు నీటిని లోపలికి దించుతాయి. పైనున్న ఆకూ గడ్డీ చినుకు దెబ్బను కాస్తాయి, తేమను ఆపుతాయి. జపాన్ రైతు ఫుకువోకా దున్నకుండా వరి పండించి 1975లో పుస్తకం రాస్తే ప్రపంచం మెచ్చుకుంది. మంచిదే. మన ముసలమ్మలను మాత్రం ఎవరూ అడగలేదు.

మధ్య భారతంలోని బైగాలు నాగలి పట్టడమంటే తల్లి రొమ్ము చీల్చడమే అనేవారు. 1890లో బ్రిటిష్ ప్రభుత్వం వారి పోడును బైగా చక్ అనే కొద్దిపాటి చోటికి కుదించింది. మన దగ్గర 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు మీద ఆంక్షలు 1922-24 మన్యం పోరాటానికి ఒక కారణమయ్యాయి.

నేలకు నొప్పి పుడుతుందని నేను పిల్లలకు చెప్పలేను. కానీ నేలను తల్లి అన్నవాడికి, ఆమె దగ్గర ఎంతవరకు తీసుకోవచ్చన్న ప్రశ్న తప్పదు. సరుకు అన్నవాడికి ఆ ప్రశ్నే రాదు.

అలాగని దున్నకపోవడమే ధర్మమా? కృష్ణా, గుంటూరు మాగాణుల్లో వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు. ఖర్చూ కాలమూ కలిసొస్తాయి. అయితే కలుపు మందు కొడతారు. నాగలి మానేసి విషం పోస్తే తల్లికి ఏం మర్యాద చేసినట్టు?

ఈ మాట అనడానికి మాకూ హక్కు తక్కువే. మందు లేని చోట కలుపు తీసేదెవరు? తాత గుంటలు పొడిచి వచ్చి చుట్ట కాల్చుకునేవాడు. వానలో నడుం వంచింది అమ్మా, అక్కలూ. నేల నొప్పి గురించి అంత మాట్లాడే మేం వాళ్ల నడుం నొప్పి ఊసెత్తలేదు. పోడుకు అడవి కాల్చిందీ మేమే. రెండు మూడేళ్లు పండించి వదిలేస్తే అడవి మళ్లీ లేచేది. ఇప్పుడు ఆ నేలను వదిలి వెళ్లడానికి వేరే కొండ లేదు. కాబట్టి కాల్చే ఆకును నేలమీదే పరచాలి, కంది, సామల మధ్య అలసంద పాకించాలి. అయినా మొదటి ఏళ్లలో కలుపు తప్పదు.

ఈ ఏడు బడి వెనక రెండు మళ్లు వేశాం. ఒకటి తవ్వాం, ఇంకోటి తవ్వకుండా ఆకు కప్పి ఆ అమ్మమ్మ చేత విత్తనం పెట్టించాం. పాత పద్ధతి అన్న సంగతి ఆమెకు చెప్పి క్షమించమన్నాను. నవ్వి, గుంట ఇంకా లోతుగా పొడవమంది. కలుపు తీసే వంతు మగపిల్లలకూ వేశాను. గొణుగుతున్నారు గానీ తీస్తున్నారు.