దావాగ్ని వేళ శరణాగతి అంటే ఏమిటి?

 

భాగవతం దశమ స్కంధంలో దావాగ్ని చుట్టుముట్టినప్పుడు గోపబాలురు ఏం చేశారు? ఆవుల్ని వదిలేసి ఎవరి దారిన వాళ్లు పారిపోలేదు. అందరూ కలిసి కృష్ణుణ్ణి పిలిచారు. స్వామి ఆ మంటనే తాగేశాడు.

మన తిరుమల అడవుల్లోనూ 2014 మార్చిలో కార్చిచ్చు రేగింది. అప్పుడు వాయుసేన హెలికాప్టర్లు వచ్చి నీళ్లు కుమ్మరించాయి. స్వామి సాయం ఏ రూపంలో వస్తుందో మనకేం తెలుసు?

అందుకే నడకదారిలో మంట కనిపిస్తే "గోవిందా" అంటూనే 112కి గానీ 101కి గానీ ఫోన్ చేయండి. అది నమ్మకం లేకపోవడం కాదు, గోపబాలురు పిలిచిన పిలుపే. మంట ఏటవాలుగా పైకి వేగంగా ఎగబాకుతుంది. దానికి పైవైపున అడవిలోకి పరుగెత్తకండి. మెట్లదారి వదలకుండా సిబ్బంది చూపిన వైపు నడవండి. పెద్దవాళ్లనీ పిల్లల్నీ వెనక వదలొద్దు. పొగకి ఎవరికైనా ఆయాసం వస్తే 108ని పిలవండి. మంట ఆరిందనుకున్నా మొద్దుల్లో, బూడిదలో నిప్పు దాగి ఉంటుంది. అటవీ సిబ్బంది చెప్పేదాకా అటు పోవద్దు.

చివరగా ఒక్క మాట. ఈ కొండ సాక్షాత్తు ఆదిశేషుడని కదా మన నమ్మకం! ఆయన ఒంటిమీద నిప్పు వదిలి వెళ్తామా? మెట్లపూజ చేసేటప్పుడు గుర్తుంచుకోండి: ముందు కర్పూరం కొండెక్కాలి, ఆ తర్వాతే మనం కొండెక్కాలి.

గోవిందా గోవింద!