గణపాంబ దానం: పుణ్యం ఎవరిది?

యజ్ఞఫలం యజ్ఞం చేసినవారికే చెందుతుందని మీమాంసకులు గట్టిగా వాదించినా, మధ్యయుగాంధ్ర దానశాసనాలు మాత్రం ఫలానివారికి పుణ్యంగా గుడి కట్టించామనీ, చెరువు తవ్వించామనీ చెబుతూ, ఆ ఫలాన్ని నిస్సంకోచంగా మరొకరికి ధారపోస్తాయి. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుందో తెలుసుకోవడానికి కాకతీయ గణపతిదేవుని (1199–1262) కుమార్తె గణపాంబ చేసిన ప్రతిష్ఠలు చక్కని ఆధారం.

గణపతిదేవుని రాజనీతిలో వివాహం సైన్యానికి తీసిపోని సాధనం. దివిసీమను గెలిచాక అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారాంబ, పేరాంబలను తానే పెళ్లాడాడు. రుద్రమదేవిని నిడదవోలు చాళుక్య వీరభద్రునికిచ్చాడు. గణపాంబను ధాన్యకటకం, అంటే నేటి ధరణికోట, రాజధానిగా కృష్ణకు దక్షిణాన షట్సహస్రదేశం, అనగా ఆరువేలనాడు, ఏలుతున్న కోట వంశీయుడు బేతరాజుకిచ్చాడు. భర్త మరణించాక ఆ సీమను గణపాంబే పాలించింది.

అమరేశ్వరాలయ శిఖరానికి ఆమె బంగారు కలశాలు ఎత్తించింది; భర్త పుణ్యార్థం ధాన్యకటకంలో బేతేశ్వరునీ, తండ్రి పేరున యనమదలలో గణపేశ్వరునీ ప్రతిష్ఠించింది. వ్యక్తి పేరుకు ఈశ్వర శబ్దం చేర్చి లింగానికి పెట్టే ఈ ఆచారంలో మనిషిని దేవుణ్ణి చేయడం లేదు. ఆ లింగానికి పూజ జరిగినంతకాలం ఆ పుణ్యంలో అతనికి పాలు దక్కాలన్నదే ఉద్దేశం.

ధర్మశాస్త్రాలు సత్కర్మను ఇష్టం, పూర్తం అని రెండుగా విభజించాయి. వైదికమైన యజ్ఞయాగాదులు ఇష్టం కాగా, గుడి, చెరువు, బావి, తోట వంటి లోకోపకార నిర్మాణాలు పూర్తం. మొదటిది ద్విజులకు పరిమితమైనా రెండవదానికి స్త్రీలూ, శూద్రులూ అధికారులే. కోటవారూ కాకతీయులూ తమను చతుర్థకులజులుగా శాసనాల్లో దాపరికం లేకుండా చెప్పుకున్నవారు కాబట్టి, పూర్తధర్మమే వారికి రాజమార్గమయింది. (అదే కోట వంశపు కేతరాజు 1182లో అమరావతి బుద్ధునికి గ్రామాలు ధారపోయడం చూస్తే, ఆ ధర్మానికి మతపు హద్దులు కూడా అంత బిగువైనవి కావనిపిస్తుంది.)

అయితే ఏ దానమైనా చెల్లాలంటే ఇచ్చే వస్తువు మీద దాతకు స్వత్వం, అనగా యాజమాన్య హక్కు, ఉండి తీరాలి. పుణ్యానికీ ఈ నియమమే వర్తింపజేస్తే, భర్తకూ తండ్రికీ పుణ్యాన్ని సంకల్పంతో ధారపోసిన స్త్రీ ముందు ఆ పుణ్యానికి తానే యజమానురాలై ఉండాలి. అంటే ఫలం చేసినవారిదే అన్న సూత్రం ఇక్కడ భంగపడలేదు. తనదైన ఫలాన్ని ఆమె మరొకరికిచ్చింది. ఈ దానాలను పతిభక్తికి నిదర్శనాలుగా మాత్రమే చదివేవారూ, రాజకీయ ప్రదర్శనగా కొట్టివేసేవారూ ఈ కర్తృత్వాన్ని ఒకే విధంగా విస్మరిస్తున్నారు.

గణపాంబ మేనత్త మైలాంబ కూడా నతవాడి రుద్రునికి ఇల్లాలై వెళ్లి, 1219లో బయ్యారం చెరువు దగ్గర శాసనం వేయించింది. కాకతీయుల తొలితరాల వంశక్రమానికి చరిత్రకారులు నేటికీ ప్రధానంగా ఆశ్రయించేది పెళ్లై ఇల్లు దాటిన ఆ ఆడపడుచు శాసనాన్నే.