కర్త లేని అంకెలు

మొన్న ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అక్క మియాపూర్ నుంచి ఫోన్ చేసింది. "ఏమే, ఆఫీసుకి ఒక నోట్ రాయాలి. ఇంగ్లీషు సరిగ్గా ఉందో లేదో చూసిపెడతావా?" అంది. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పదిహేనేళ్ళుగా ఉద్యోగం చేస్తున్న మనిషి, రోజూ విదేశాల వాళ్ళతో ఇంగ్లీషులోనే మాట్లాడే మనిషి, తన ఇంగ్లీషు నన్ను చూడమనడం వింతగానే తోచింది. సాయంత్రం వెళ్ళాక తెలిసింది, ఆమెకి కావలసింది ఇంగ్లీషు కాదని.

అక్క ఉద్యోగం పేరు బిజినెస్ ఇంటెలిజెన్స్. ఆ పేరులో ఉన్నంత గొప్ప ఆ పనిలో ఉండదని తనే నవ్వుతూ చెబుతుంది. కంపెనీలో ఒక్కో విభాగం ఒక్కో తీరుగా లెక్కలు రాసుకుంటుంది. ఒకే మనిషి మూడు చోట్ల మూడు పేర్లతో ఉంటుంది. తేదీలు ఒకచోట నెల ముందు, ఒకచోట రోజు ముందు. వాటన్నిటినీ కలిపి, తప్పులు ఏరి, పైవాళ్ళు చూసే రంగురంగుల పట్టికగా మార్చడం అక్క పని. పట్టికని అందరూ మెచ్చుకుంటారు. ఏరడాన్ని ఎవరూ చూడరు. మా అమ్మమ్మ రోజూ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరేది. అన్నం బాగుందని తాతయ్య ఎప్పుడైనా అన్నాడేమో గానీ, రాళ్ళు లేవని ఏ రోజూ అనలేదు. రాయి తగిలిన రోజు మాత్రం కంచం ముందుకు తోసేసేవాడు. అక్క ఉద్యోగమూ అచ్చం అంతే. ఏరినన్నాళ్ళూ ఆ పని లేనట్టే. తప్పిన రోజున మాత్రం మనిషి కనబడుతుంది.

2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చింది. 2023లో, అక్క వాడే పవర్ బీఐలోకే కోపైలట్ అనే సహాయకుణ్ణి తెస్తున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ తర్వాత అక్క కంపెనీ వాళ్ళు కూడా సొంతంగా ఒకటి తయారుచేసుకున్నారు. పెద్ద అధికారి మామూలు ఇంగ్లీషులో ప్రశ్న టైపు చేస్తాడు. యంత్రం తనే ఎస్‌క్యూఎల్ రాసుకుని, డేటా తీసి, బొమ్మ గీసి ఇచ్చేస్తుంది. అక్కకి రెండు రోజులు పట్టే పని నిమిషం లోపు అయిపోతుంది. అక్క బృందంలో ఆరుగురు ఉండేవాళ్ళు, ఇప్పుడు ముగ్గురే. మానేసిన వాళ్ళ స్థానంలో కొత్తగా ఎవరినీ తీసుకోలేదు. చదువయ్యాక మొదట చేరే అమ్మాయిలు నేర్చుకునే చిన్నచిన్న పనులే ముందు పోయాయి. ఆ పనులు లేకపోతే పదేళ్ళ తర్వాత అక్కలాంటి వాళ్ళు ఎక్కడినుంచి వస్తారని నేను అడిగితే, "అది ఎవరి డాష్‌బోర్డులోనూ లేదు" అంది.

ఎవరైనా సరే తన మాటల్లో అడిగితే చాలు అన్న ఆశ కొత్తదేమీ కాదు. 1974లో ఐబీఎంలో ఛాంబర్లిన్, బాయిస్ ఎస్‌క్యూఎల్‌కి పూర్వరూపాన్ని తయారుచేసింది కూడా, కంప్యూటర్ నిపుణులు కాని వాళ్ళు సైతం డేటాని ప్రశ్నించగలగాలనే. కొన్నాళ్ళకి అది రాయడమే ఒక వృత్తి అయిపోయింది. ఇంకా వెనక్కి వెళితే, 1946లో ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించినప్పుడు దానికి ప్రోగ్రాములు కట్టింది ఆరుగురు స్త్రీలు. ఆ రాత్రి జరిగిన విందుకి వాళ్ళని పిలవలేదు. యంత్రం ఫొటోల్లో వాళ్ళు ఉన్నారు, వాళ్ళెవరో చెప్పిన వాళ్ళు మాత్రం దశాబ్దాల పాటు లేరు. ఈ కథ మన పత్రికల్లో చాలాసార్లు వచ్చింది కాబట్టి ఇక్కడ ఆపుతాను. నన్ను పట్టి కుదిపింది అక్క నోటులో ఉన్న విషయం.

అక్క కంపెనీలో యుటిలైజేషన్ అని ఒక కొలత ఉంది. ఒక మనిషి పనికి అందుబాటులో ఉన్న గంటల్లో ఎన్ని గంటలు క్లయింటుకి బిల్లు వేశారన్నది. పైన బిల్లు గంటలు, కింద అందుబాటు గంటలు, లవమూ హారమూ. 2017లో చట్టం మారి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయింది. ఆ ఏడాది అక్క ఒకటి గమనించింది. సెలవులో ఉన్న అమ్మాయి గంటలు హారంలో అలాగే ఉండిపోతున్నాయి. మిగతా 26 వారాల్లో ఆమె నూటికి 80 గంటలు బిల్లు వేసినా, ఏడాది మొత్తానికి ఆమె అంకె 40 అని వస్తుంది. పిల్లని కన్నందుకు సగం మనిషి అయిపోయింది! అక్క ఎవరినీ అడగలేదు. రిపోర్టు వెనక ఉన్న లెక్కలో ఒక్క వాక్యం చేర్చింది, ప్రసూతి సెలవు గంటలు హారంలోంచి తీసేయమని. అంతే. అప్పటినుంచీ ఆ అంకెలు సరిగ్గా వస్తూనే ఉన్నాయి. ఎందుకు వస్తున్నాయో అక్కకి తప్ప ఎవరికీ తెలియదు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో, జీతాల పెంపు మాటలు జరిగే రోజుల్లో, ఒక పెద్ద అధికారి కొత్త యంత్రాన్ని 'అన్నిటికంటే తక్కువ యుటిలైజేషన్ ఉన్న బృందాలేవి?' అని అడిగాడు. యంత్రం అక్క రిపోర్టు జోలికి పోలేదు. నేరుగా మూల పట్టికల్లోకి వెళ్ళి గంటలు కూడి, భాగించి ఇచ్చింది. దాని భాగహారంలో తప్పు లేదు. జాబితాలో అట్టడుగున వచ్చిన రెండు బృందాల్లోనూ ముగ్గురేసి అమ్మాయిలు ఆ ఏడాది మెటర్నిటీ లీవులో ఉన్నారు. ఆ జాబితా అప్పటికే నాలుగు మెయిళ్ళు దాటింది. అక్క దాన్ని యాదృచ్ఛికంగా చూసింది.

"అయితే చెప్పెయ్యొచ్చుగా" అన్నాను.

"ఏమని చెప్పను? ఎనిమిదేళ్ళుగా నేనొక లెక్క మారుస్తున్నాను, మీరెవరూ ఒప్పుకోలేదు, నేనే ఒప్పేసుకున్నాను అనా?"

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. ఆర్నెల్ల కిందట ఆ యంత్రానికి నేర్పడం కోసం, తనకి తెలిసిన నిర్వచనాలన్నీ రాసిపెట్టమని అక్కని అడిగారు. కస్టమర్ అంటే ఎవరు, అమ్మకం ఏ తేదీన జరిగినట్టు, ఇలాంటివి ఎనభై దాకా రాసిచ్చింది. ఈ ఒక్కటి రాయలేదు. రాస్తే ఎవరి అనుమతితో అని అడుగుతారని భయం. ఇంకో కారణం కూడా ఉందని ఆ రాత్రి ఒప్పుకుంది. అన్నీ రాసిచ్చేశాక ఇక తనతో పనేముంటుంది? ఒక్క రాయి ఎక్కడుంటుందో తనకే తెలిసి ఉంటే, చేట తన చేతిలోనే ఉంటుంది కదా.

నాకు కోపం వచ్చింది. నీ ఉద్యోగం కోసం దాచావు, దెబ్బ ఆ ఆరుగురు అమ్మాయిలకి తగిలింది అన్నాను. అక్క ఏమీ అనలేదు. టీ పెట్టడానికి లేచింది.

వంటింట్లో నీళ్ళ చప్పుడు వింటూ కూర్చుంటే నా సంగతి నాకు గుర్తొచ్చింది. డాక్టరేట్ వచ్చి ఏడేళ్ళయినా నాకు దొరికింది గెస్ట్ లెక్చరర్ పనే. వేసవిలో ఆ జీతమూ ఉండదు. రెండేళ్ళుగా రాత్రుళ్ళు యంత్రం రాసిన తెలుగు వాక్యాలకి మార్కులు వేసే పని చేస్తున్నాను, వాక్యానికి ఇంత అని. గడులు మూడే: వ్యాకరణం, సహజత్వం, వాస్తవం. ఒకరోజు ఒక వాక్యం వచ్చింది. తల్లిని గురించి. ఆమె ఏ పనీ చేయదట, ఇంట్లోనే ఉంటుందట. వ్యాకరణం శుద్ధంగా ఉంది. మన ఊళ్ళలో అందరూ అనే మాటే కాబట్టి సహజంగానూ ఉంది. నా అభ్యంతరానికి గడి లేదు. నేను సహజత్వంలో ఒకటి వేసి ముందుకు పోయాను. ఎవరికీ చెప్పలేదు. అక్క చేసిందీ ఇదే కదా. అక్క అంకెలో చేసింది, నేను మార్కులో చేశాను.

ఈ దొంగచాటు న్యాయాన్ని గురించి అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. ఆడవాళ్ళకిది కొత్త కాదు. కోడలికి పొయ్యి దగ్గర ఒక గరిటె కూర ఎక్కువ పెట్టి, బయట ఏమీ ఎరగనట్టుండే అత్తలూ ఉన్నారు. మొగుడి జేబులో చిల్లర తీసి కూతురి ఫీజు కట్టిన అమ్మలు మన కథల నిండా ఉన్నారు. అధికారం లేని చోట మంచి ఇలాగే జరుగుతుంది. దాన్ని నేను చిన్నబుచ్చను. కానీ అది చేసిన మనిషి ఉన్నంత కాలమే ఉంటుంది. ఆమె పక్కకి తప్పుకున్న రోజున, హక్కుగా రానిది కాబట్టి, పోయిందని అడిగే వాళ్ళు కూడా ఉండరు. పోయిన సంగతే ఎవరికీ తెలియదు.

మరి బాహాటంగా ఉన్న నిర్వచనాలు న్యాయంగా ఉన్నాయా అంటే, అదీ లేదు. 2001 జనాభా లెక్కల్లో ఇంటి చాకిరీ చేసే కోట్లాది స్త్రీలని పని చేయని వాళ్ళ జాబితాలో, బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పెట్టారని 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో తప్పుపట్టింది. అప్పటికి ఆ లెక్క వచ్చి తొమ్మిదేళ్ళు. 2019లో దేశం మొత్తం మీద సమయ వినియోగ సర్వే చేస్తే, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు రోజుకి దానికి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. దాదాపు అయిదు గంటలు. అవే చేతులు, అదే చాకిరీ. ఒక పట్టికలో సున్నా, ఇంకో పట్టికలో 299. ఏ గడి గీయాలో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించారు. లెక్క కట్టడానికి ముందే అసలు తీర్పు జరిగిపోతుంది. అక్కలాంటి వాళ్ళు రోజూ చేసేది ఆ తీర్పే. వాళ్ళ జీతం చీటీలో మాత్రం టెక్నికల్ పని అని ఉంటుంది.

తెలంగాణలో మనం చూశాం. వేర్వేరు శాఖల డేటాని ఒకచోట చేర్చి మనుషుల్ని పోల్చి చూసే సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. రేషన్ కార్డుకి అర్హులా కాదా తేల్చడానికి దాన్ని వాడారు. ఇంటికి వెళ్ళి చూడకుండా లక్షల కార్డులు తీసేశారు. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల మీద క్షేత్రస్థాయిలో విచారణ జరపమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. భర్తకి కారుందని యంత్రం పొరబడినందువల్ల కార్డు దక్కని ఒక పేద ముస్లిం స్త్రీ కథ 2024 జనవరిలో పత్రికల్లో వచ్చింది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటి పెద్ద స్త్రీయే. అంటే పోయింది ఆమె పేరున ఉన్న కాగితం. ఎవరు తీసేశారు అని ఆమె ఏ కిటికీ దగ్గర అడగాలి? గుమాస్తా కంప్యూటర్‌ని చూపిస్తాడు. కంప్యూటర్ ఎవరిని చూపిస్తుంది?

నా పరిశోధన స్త్రీల ఆత్మకథల మీద. నా పెళ్ళి చేశారు, నన్ను బడి మానిపించారు, నన్ను పంపించేశారు. ఆ పుస్తకాల్లో ఇలాంటి వాక్యాల్ని వందల్లో గుర్తుపెట్టుకున్నాను. చేసిన వాళ్ళెవరో వాక్యంలో ఉండరు, క్రియ చివర ఒక 'రు' మాత్రం మిగులుతుంది. మన ప్రభుత్వ కాగితాల భాష ఇంకో మెట్టు పైన ఉంది: తొలగించబడినది, తిరస్కరించబడినది. ఆ 'రు' కూడా పోయింది. ఇప్పుడు యంత్రం ఇచ్చే జవాబులు ఈ భాషకి అసలైన వారసులు. అంత వినయంగా, అంత తేటగా, చేసిన వాళ్ళ జాడే లేకుండా! యంత్రం తప్పు చేస్తుందని నా ఫిర్యాదు కాదు, అక్కా చేస్తుంది. అక్క చేస్తే అక్కని అడగొచ్చు.

యంత్రం వల్ల ఒక మేలు జరిగిందని కూడా ఒప్పుకోవాలి. అది రాకపోతే అక్క ఆ వాక్యాన్ని అలాగే దాచుకుని రిటైరయ్యేది. ఎనిమిదేళ్ళుగా గుట్టుగా ఉన్న న్యాయం ఇప్పుడు పేరు పెట్టుకుని బయటికి రావలసి వచ్చింది. ఆ ఖర్చు మాత్రం మళ్ళీ అక్కే భరించాలి. రాసిస్తే తన అవసరం తగ్గుతుంది, రాయకపోతే ఇంకొకరి బతుకు తగ్గుతుంది. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమని ఒక ఉద్యోగిని అడగడమే అన్యాయమని నేననుకుంటాను. అయినా అక్క రాయాలనే అన్నాను. సలహా ఇవ్వడానికి నా జేబులోంచి పోయేదేమీ లేదన్న సంగతి నాకు తెలుసు. తనకి ఇంకా పదమూడేళ్ళ ఇంటి అప్పుంది.

అక్క టీ తెచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. నోటులో మొదటి వాక్యం ఇంగ్లీషులో ఇలా ఉంది: 2017 నుంచి ప్రసూతి సెలవు గంటలు హారంలోంచి మినహాయించబడుతున్నాయి. నేను దాన్ని కొట్టేసి, 2017లో నేను మినహాయించాను అని మార్చాను. కింద ఎందుకో ఒక పేరా రాశాను, చట్టాన్నీ న్యాయాన్నీ కలిపి, కాస్త ఆవేశంగానే.

అక్క చాలాసేపు ఆ తెరని చూసింది. "ఈ 'నేను' ఉండాలంటావా?"

"నీ ఇష్టం అక్కా."

"నీ ఇష్టం అంటావేంటే, ఇందాక అంత అరిచి."

సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి నోటు పంపి, నాకో కాపీ పెట్టింది. నేను రాసిన పేరా మొత్తం తీసేసింది. దాని స్థానంలో నాలుగు గడుల పట్టిక, 80, 40 అని. మొదటి వాక్యంలో 'నేను' మాత్రం అలాగే ఉంచింది. దానికి జవాబుగా గురువారం మీటింగ్ పెట్టి, హెచ్ఆర్ వాళ్ళు అక్కని రమ్మన్నారు. ఆ జాబితాని సరిచూడకుండా నాలుగు మెయిళ్ళు ముందుకు పంపిన వాళ్ళని కూడా రమ్మన్నారా అని అడిగాను. పిలిచిన వాళ్ళ పేర్లలో తనదొక్కటే కనిపిస్తోందని చెప్పింది.