మాయాబజారు: మూలమూ ప్రతులూ

వికారాబాదు ప్రక్కన అనంతగిరి కొండపై వెలసిన అనంతపద్మనాభస్వామి సన్నిధి వంటి వైష్ణవాలయమునకు పోవు భక్తుడు, గర్భగుడిలో కదలక నిలిచిన మూలమూర్తిని, వీథులలో ఊరేగు ఉత్సవమూర్తిని వేర్వేఱుగ చూచియు, ఇద్దఱు దేవుళ్లున్నారని యెన్నడును తలపడు. ఆ అభేదబుద్ధికి ఆధారమేమి యను ప్రశ్నను ఒక సినిమా విషయమున అడుగుట కొందఱికి అధికప్రసంగముగ తోచునేమో గాని, నాకట్లు తోచదు. 1957 మార్చి 27న విడుదలైన విజయావారి 'మాయాబజారు'ను తాతలు హాలులో చూచిరి, తండ్రులు క్యాసెట్టులో చూచిరి, మనుమలు సెల్‌ఫోనులో చూచుచున్నారు. అందఱును ఒక్క చిత్రమునే చూచితిమని నమ్ముచున్నారు. ఆ నమ్మకము సత్యమా?

తాండూరు బజారులో వీసీడీలు అద్దెకు దొరికిన కాలమున, మూడు గంటల యీ చిత్రము మూడు సీడీలుగా వచ్చెడిది. ఏలయన ఒక్కొక్క సీడీలో 74 మొదలు 80 నిమిషముల బొమ్మయే పట్టును. దర్శకుడు కె.వి. రెడ్డి విశ్రాంతి యిచ్చిన చోట గాక, సీడీ నిండిన చోట కథ తెగెడిది. ఆ బొమ్మకు అడ్డముగ 352, నిలువుగ 288 బిందువులు మాత్రమే. పిమ్మట వచ్చిన డీవీడీకి 720, 576, అనగా రమారమి నాలుగురెట్లు. ఇంతకంటె సూక్ష్మమైన భేదమొకటి కలదు. సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడచును. మన దేశపు టీవీ అనుసరించిన పాల్ పద్ధతిలో 25. ఫ్రేమునకు ఫ్రేముగ ఎక్కించినచో 184 నిమిషముల చిత్రము 177 నిమిషములలో ముగియును. శ్రుతియు అరస్వరమునకు కొంచెము తక్కువగ పైకి పోవును. అమెరికాలోని మనవారికై ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో చేసిన డీవీడీలో ఈ తొందర లేదు. కనుక వెన్నెలలో సాగు నౌకావిహారగీతమున ఘంటసాల, లీలల కంఠములు తాండూరులో ఒక శ్రుతిని, డల్లాసులో వేఱొక శ్రుతిని పలికియుండవచ్చును. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి విన్ననే తప్ప తెలియని యీ భేదమును భేదమనవలెనా, వలదా?

కాశిలో నాడు చూచిన దేవదత్తుడే ఇక్కడ నేడు కనబడువాడని గుర్తించునపుడు, దేశకాలములు తెచ్చిన విరుద్ధాంశములను విడువగా మిగిలినవాడు ఒక్కడే యని వేదాంతుల సిద్ధాంతము. బౌద్ధుడు దీని నొప్పుకొనడు. రాత్రియెల్ల వెలిగిన దీపమున ఒక్కటే జ్వాల యున్నదనుకొందుము గాని, క్షణక్షణము క్రొత్తజ్వాల పుట్టుచున్నదనియు, కత్తిరించిన గోరు మరల మొలచినపుడు పాతగోరే యనుకొనుట పోలిక తెచ్చిన భ్రమ యనియు అతని వాదము. సినిమా విషయమున ఈ వాదమును తేలికగ త్రోసివేయరాదు. తెరపై నడచుచున్నట్లు తోచు ఘటోత్కచుడు నిజమునకు సెకనుకు 24 కదలని బొమ్మలు. 1957లో ఏ హాలులో చూచినవారును నెగటివును చూడలేదు. దాని నుండి తీసిన ప్రింటును చూచిరి. ఆ ప్రింటు గీతలు పడుచు, అతుకులతో కుఱుచయగుచు ఊరూర తిరిగినది. కథయందైనను నిలుకడ గలదా యన్నచో, శశిరేఖాపరిణయము వ్యాసభారతమున లేదు, కవిత్రయభారతమున లేదు. జనులు చెప్పుకొన్నది, సురభివారు ఆడినది, 1936లోనే ఒకమారు సినిమాగ వచ్చినది. మూలమును వెదకుచు వెనుకకు పోవువానికి ఎక్కడను కాలు నిలువదు.

అట్లని ప్రతులన్నియు సమానమే యనుటకు నా మనస్సొప్పదు. కారణమును ఆ చిత్రమే చూపుచున్నది. శశిరేఖను నిద్రలోనే ద్వారకనుండి తరలించిన ఘటోత్కచుడు, ఆమె రూపమును తాల్చి ఆమె స్థానమున నిలుచును. ముఖము సావిత్రిదే, నగలవే, చీరయదే. కాని చూచువారు లేని క్షణమున ఆ నడకలో ఘటోత్కచవేషధారి ఎస్.వి. రంగారావు భుజములు కదలును, ఆ కనుబొమలలో రాక్షసుడు తొంగిచూచును. బాహ్యలక్షణములన్నియు సరిపోయినను లోనివాడు వేఱు కావచ్చుననియు, వానిని పట్టియిచ్చునది అవయవము గాక నడక యనియు సావిత్రి మాట లేకయే నిరూపించినది. మూడు ముక్కలుగ తెగిన మసకబొమ్మలో చిత్రము యొక్క ఆ నడక నిలిచియుండవచ్చును. సర్వాంగశుభ్రమైన ప్రతిలో నిలువకపోవచ్చును.

విగ్రహము జీర్ణించినపుడు ఆగమములు జీర్ణోద్ధారవిధిని చెప్పినవి. మూర్తిలోని శక్తిని కలశమున ఆవాహనము చేసి, బాలాలయమున నిలిపి, పని ముగిసిన పిమ్మట మరల మూర్తియందు ప్రతిష్ఠింతురు. శిల మార్చవచ్చును గాని లక్షణము తప్పరాదు, ప్రమాణము తప్పరాదు. ఈ వివేకమే ఇక్కడను కావలెను. గీత, మరక, బూజు, అతుకు ఆగంతుకములు. వానిని తొలగించుట సేవ. ఫిల్ములోని వెండికణముల వలన బొమ్మపై కదలాడు సన్నని రేణువు స్వాభావికము. అదియు మురికియే యని కంప్యూటరుతో తుడిచినచో, సావిత్రి చెక్కిలిపై చర్మము పోయి నునుపు మాత్రము మిగులును. తాండూరు బండకు పాలిషు పట్టువారికి ఇది తెలియనిది కాదు: గనిలో పొరగ విడివడిన నీలిబండపై పుట్టుకతో వచ్చిన గరుకు యంత్రము క్రింద అరగి బండ తళతళలాడును, కాని పోయిన గరుకును మరల తెచ్చు యంత్రము లేదు.

2010 జనవరిలో గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు ఈ చిత్రమును రంగులతో, డీటీఎస్ ధ్వనితో, సినిమాస్కోపు తెరకు తగినట్లు విడుదల చేసిరి. హాళ్లకు జనము మరల వచ్చిరి. పిల్లలెందఱో తొలిసారి పెద్దతెరపై చూచిరి. ఆ శ్రమను నేను తక్కువ చేయను. కాని నాటి తెర వెడల్పు నాలుగైనచో ఎత్తు మూడు. సాగదీయక దానిని స్కోపు కొలతకు తెచ్చుటకు పైనను క్రిందను కలిపి ఐదింట రెండుపాళ్లు కోయవలసియుండును. కళాదర్శకులు గోఖలే, కళాధరులు శిఖరము మొదలు నేలవఱకు కట్టిన ద్వారకలో అంత పోయినచో మిగులునదెంత? ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పట్టిన వెన్నెలకు రంగు లేదు. చూచువాడు తన ఊరి వెన్నెలను అందులో నింపుకొనెడివాడు. క్రొత్త ప్రతిలో ఎవరో కూర్చుండి దానికొక రంగు నిర్ణయింపవలసి వచ్చినది. ఇది జీర్ణోద్ధారము కాదు, నూతనప్రతిష్ఠ. నూతనప్రతిష్ఠ తప్పు కాదు. పాతమూర్తిని మఱుగుపఱచి దాని పేరుతోనే చేయుట తప్పు.

పౌరాణికచిత్రముల వీసీడీలలో పద్యములు కత్తిరించుట పరిపాటిగ నుండెడిది. అట్టపై నటుల బొమ్మలుండెడివి, కత్తిరించిన సంగతి యుండెడిది కాదు. ఇంటిలో చూచిన పిల్లవానికి అక్కడొక పద్యమున్నదనియే తెలియదు. పూనాలో భండార్కర్ ప్రాచ్యపరిశోధనసంస్థ 1919 నుండి 1966 వఱకు మహాభారతమును పరిష్కరించినపుడు, సుక్‌ఠంకర్ మొదలగు పండితులు తాము గ్రహింపని పాఠములను పాఱవేయక పుట యడుగున ముద్రించిరి. అదే నగరమున 1964 నుండి జాతీయ చలనచిత్ర భాండాగారము కూడ కలదు. మన పాతచిత్రములను ఇండ్లకు పంపువారు ఆ పండితుల మార్గము పట్టవలెను: ఏ రీలు ఏ ప్రింటు నుండి తీసినదో, ఏ పద్యము ఏ ప్రతిలో లేదో, వేగము 24 ఫ్రేములో 25 ఫ్రేములో, రంగు ఏనాడు వేసినదో అట్టపై స్పష్టముగ వ్రాసి, రంగుల ప్రతి ప్రక్కనే నాటి తెర కొలతతో నలుపుతెలుపు ప్రతిని కూడ అమ్మవలెను.