డార్వెన్ పట్టణములో కలిగిన తలంపులు

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఒక చిన్న కట్టడ గలదు. అప్పిచ్చినవాడు బీదవాని యింటి తిరుగలిని గాని, దాని మీది రాతిని గాని తాకట్టుగా తీసికొనిపోరాదు. ఏలయనగా అది వట్టి రాయి కాదు, ఆ యింటివారి బ్రదుకు. మన సంఘములలో ఈ మాట మీద ప్రసంగము వినుట అరుదు. నేనును ఎన్నో యేండ్లు దానిని చదివి దాటిపోయితిని. దాని బరువు నాకు తెలిసినది ఇంగ్లండు దేశములో, డార్వెన్ అను ఒక చిన్న పట్టణములో, 2018వ సంవత్సరము సెప్టెంబరు నెలలో.

అప్పుడు మా అమ్మాయి మాంచెస్టరులో నర్సు పని చేయుచుండెను. నేను ఆమె యొద్దకు వెళ్లినప్పుడు, "ఏం చూస్తారు నాన్నగారూ, లండను పోదామా?" అని అడిగినది. "లండను వద్దమ్మా, నేతవాళ్ల ఊరు ఏదైనా చూపించు" అంటిని. మా అమ్మగారి తండ్రి చీరాల ప్రక్క గ్రామములో గుంటమగ్గము మీద నేసి పిల్లలను పెంచినవాడు. లాంకషైరు అను మాట ఆయన నోట తిట్టుగానే వచ్చెడిది. మగ్గము క్రింది గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుండి, పడుగు తెగినప్పుడెల్ల ఆ పేరు తలచెడివాడట. ఆ లాంకషైరును ఒకసారి కన్నులార చూడవలెనని నాకు చిన్ననాటి నుండి కోరిక.

మాంచెస్టరు నుండి బ్లాక్‌బర్న్ పోవు రైలు ఎక్కితిమి. డార్వెన్‌కు కొంచెము ముందు ఒక పొడుగు సొరంగము వచ్చును. చీకటిలో నుండి బయటపడగానే రెండు బీడుకొండల నడుమ లోయ, ఆ లోయ నిండ ఒకదాని నొకటి అంటుకొనియున్న రాతి యిండ్లు కనబడినవి. ఆ యిండ్లను మిల్లు కూలీల కొరకు వరుసలుగా కట్టిరి. సన్నని వాన పడుచుండెను. పడమటి కొండ మీద ఒక బురుజు గలదు. ఆ కొండ మీద నడచుటకు సామాన్య జనులకు గల హక్కును భూస్వామి అడ్డగింపగా, వారు పోరాడి 1896లో ఆ దారులు గెలుచుకొనిరి. అందుకును, విక్టోరియా రాణి పాలన అరువది యేండ్లు నిండినందుకును గుర్తుగా 1898లో ఆ బురుజు కట్టిరి. మోకాళ్ల నొప్పి చేత నేను పైకి ఎక్కలేదు. మా అమ్మాయి ఎక్కి వచ్చినది.

క్రింద పట్టణములో అన్నిటికంటె ముందు కంటబడునది ఒక మిల్లు పొగగొట్టము. సుమారు 300 అడుగుల ఎత్తు. పొగగొట్టమని చెప్పనియెడల ఏదో గొప్ప దేవాలయపు గంటల గోపురమని అనుకొందుము. ఇటలీ దేశపు గోపురముల పోలికగా, రంగురంగుల ఇటుకలతో కట్టిరి. దాని పునాదికి ఒకే రాతిని 35 గుఱ్ఱములు లాగుకొని వచ్చినవని అక్కడివారు చెప్పుదురు. 1867లో ముగిసిన ఆ మిల్లు పేరు విన్నప్పుడు నాకు నవ్వు వచ్చినది, వెంటనే నవ్వు ఆగిపోయినది. దాని పేరు ఇండియా మిల్లు. ఇప్పుడు దానిలో నూలు లేదు, గొట్టములో పొగ లేదు.

మన దేశమునకును ఆ లోయకును గల సంబంధము పేరుతో పోలేదు. 1913వ సంవత్సరములో ఆ దేశము నుండి ఇండియాకు వచ్చిన నూలు బట్ట సుమారు 300 కోట్ల గజములు. నాటి మన జనసంఖ్యను చూచినయెడల తలకు ఇంచుమించు పది గజములు. దానికి మూడు వందల యేండ్ల క్రిందట, 1611లో, ఇంగ్లీషు వర్తకులు మన మచిలీపట్నములో దిగినది మన బట్ట కొనుటకు. మన బట్ట వారి దేశములో మిక్కిలి చెల్లుచుండెను గనుక, తమ నేతగాండ్రను కాపాడుకొనుటకు వారు 1700లోను 1721లోను చట్టములు చేసి దానిని అడ్డగించిరి. తరువాత యంత్రములు వచ్చెను, కొనవచ్చినవారు అమ్మసాగిరి. 1896లో మన దేశపు మిల్లు బట్ట మీద, మన దేశములోనే, నూటికి మూడున్నర చొప్పున పన్ను వేసిరి. లాంకషైరు బట్టకు పోటీ తగ్గవలెననియే గదా! తమ నేతగానిని కాపాడుటకు చట్టము, మన నేతగానిని అణచుటకును చట్టము. మా తాతగారి తిట్టులో అన్యాయమేమియు లేదు.

అయితే ఆయన మగ్గము మీద ఎక్కిన సన్న నూలు ఎక్కడిది? ఆ దినములలో మన చేనేతగాండ్రు సన్న రకములకు సీమ నూలు కూడ కొనెడివారు. తిట్టుచునే ఆ నూలు చుట్టెడివాడేమో, ఎవరికి తెలియును.

వానకు ఒక చిన్న టీ కొట్టులో తలదాచుకొంటిమి. ప్రక్క బల్ల వద్ద ఎనుబది దాటిన ఒక అవ్వ కూర్చుండియుండెను. నా దేశమేదని అడిగినది. పదునైదవ యేట తాను మరమగ్గముల షెడ్డులో చేరినదట. ఆమె మాట యాస నాకు సగమే తెలిసినది, తక్కినది మా అమ్మాయి చెప్పినది. వందల మగ్గములు ఒక్కసారి ఆడు ఆ షెడ్డులో ప్రక్కవారి కేక కూడ వినబడదు. కాబట్టి నేతగత్తెలు పెదవులు కదిపి, వాటిని చూచియే మాటలాడుకొనెడివారు. ఇంటి కష్టములు, పెండ్లి సంగతులు, మేస్త్రీ మీద కోపము, అన్నియు శబ్దము లేకుండనే. "ఇప్పటికీ బస్సులో ఎదుటివాళ్లు ఏమనుకుంటున్నారో నాకు తెలిసిపోతుంది" అని నవ్వినది. ఆమె తల్లి కాలములో నాడె కంటిలో నుండి నూలు పోగును నోటితో పీల్చి లాగవలసియుండెనట. నూనె, దుమ్ము, ఇతరుల ఎంగిలి అన్నియు నోటిలోనికే. లాంకషైరులో ఆ పద్ధతిని చట్టము మాన్పించినది 1952లో.

"మీ తాతగారు కూడ నేసేవారా?" అని అవ్వ అడిగినది. అవునంటిని. ఆమె తన చేతిని బల్ల మీద చాపి, వ్రేళ్లతో ముడి వేయు తీరు చూపినది. తెగిన పోగు అతుకు ముడి. మా తాతగారి వ్రేళ్లు కదలిన తీరే అది. ఆ నిమిషములో నా నోట ఉన్న లాంకషైరు అను తిట్టు ఎక్కడ పడవేయవలెనో నాకు తెలియలేదు. 1896 పన్ను ఈమె తల్లి వేయలేదు. నోటితో నూలు పీల్చినది మాత్రము ఆమెయే.

ఈ పట్టణమునకు గాంధీగారు వచ్చిరి. 1931లో రౌండు టేబిలు సమావేశమునకు లండను వెళ్లినప్పుడు, సెప్టెంబరు 25వ తేదీ రాత్రి డార్వెన్ ప్రక్కనున్న స్ప్రింగ్‌వేల్ స్టేషనులో దిగిరి. ఆ స్టేషను ఇప్పుడు లేదు. ఆయనను పిలిచినవారు అక్కడి మిల్లు యజమానుల కుటుంబము. విదేశీ వస్త్ర బహిష్కారము చేత తమ కూలీలు ఎంత బాధపడుచున్నారో ఆయన కన్నులతో చూడవలెనని వారి తలంపు. ఆ నాటికి ఆ దేశపు బట్ట మన దేశమునకు వచ్చుట 50 కోట్ల గజములకు లోపుగా పడిపోయియుండెను. దానికి కారణము బహిష్కారమొక్కటియే కాదు. జపాను బట్ట, బొంబాయి అహమ్మదాబాదు మిల్లులు, లోకమంతట పట్టిన ఆర్థిక మాంద్యము, ఇవన్నియు గలవు. అయినను ఆకలిగొన్నవానికి లెక్కలు వినిపించునా? ఒక ముఖము కావలెను. ఆ ముఖము గాంధీగారిది.

మరునాడు, 26వ తేదీన, గ్రీన్‌ఫీల్డ్ మిల్లు వద్ద తీసిన ఛాయాపటమును మీలో కొందరు చూచియుందురు. తెల్లని శాలువ కప్పుకొని నిలిచిన ఆయన చుట్టును మిల్లు స్త్రీలు చేతులెత్తి కేకలు వేయుచు నవ్వుచున్నారు. తమను కొట్టవచ్చిరేమో అని చూచువాడు అనుకొనునట్లుండదు, పెండ్లికుమారుడు వచ్చినట్లుండును.

ఆయన వారికి తీపి మాటలు చెప్పలేదు. మీ కష్టము చూచి నొచ్చుకొంటిననెను. అందులో నా వంతు ఉన్నదని ఒప్పుకొనెను. అయినను బహిష్కారము తప్పని చెప్పలేదు. మీలో పని లేనివారు 30 లక్షలు, మా దేశములో సగము యేడు పని లేనివారు దాదాపు 30 కోట్లు అని లెక్క చెప్పెను. ఆ విన్నవారిలో పని లేనివాడొకడు, తాను ఇండియాలో ఉన్నయెడల గాంధీగారు చెప్పినదే తానును చెప్పుదునని పలికెనట. ఆ పేదవాని మాట నన్ను ఎక్కువగా పట్టుకొన్నది.

చదువరులారా, ఇక్కడ ఎవరైనను ఒక ప్రశ్న వేయవచ్చును. ఆయన వచ్చి వెళ్లినందువలన ఏమి జరిగినది? ఒక్క మగ్గమైనను తిరిగి ఆడలేదు. నొచ్చుకొంటినను మాట పొయ్యి వెలిగించదు. ఇది నిజము, దీనిని నేను కాదనను. మన న్యాయమైన పని వలన నిరపరాధి నష్టపడినప్పుడు, మన దుఃఖము వానికి కూడు కాదు. కాబట్టి న్యాయము మానుకొనవలెనా? అట్లయిన మా తాతగారు పస్తుండవలసినదే. లేక, న్యాయము మనదే గనుక అవతలివాని ఏడ్పు మనకక్కరలేదా? ఈ రెండవ త్రోవ సులభము, దానిలో నడచువారు చాలమంది.

మాంచెస్టరులో అబ్రహాము లింకను విగ్రహము గలదు. అమెరికా అధ్యక్షుని విగ్రహము అక్కడ ఎందుకని అడిగితిని. 1861 నుండి 1865 వరకు అమెరికాలో యుద్ధము జరిగినప్పుడు దక్షిణ రాష్ట్రముల దూది రాక లాంకషైరు మిల్లులు మూతపడినవి, కూలీలు గంజి కొరకు వరుసలలో నిలిచిరి. ఆ దూది బానిసలు పండించిన దూది. 1862 డిసెంబరు 31న మాంచెస్టరు కూలీలు సభ కూడి, తమ ఆకలి ఎట్లున్నను బానిసత్వము పోవలెనని లింకనుకు వ్రాసిరి. వచ్చిన యేడు జనవరి 19న ఆయన వారికి కృతజ్ఞతతో జవాబు వ్రాసెను. అందరును అట్లు తలచిరని చెప్పరాదు. దక్షిణపు పక్షము పట్టిన ఊళ్లును, వర్తకులును ఆ జిల్లాలోనే ఉండిరి. అయినను అట్లు వ్రాసినవారు తమ అన్నమును తామే వదలుకొనిరి. అది త్యాగము. ఇతరుని అన్నమును మనము వదలివేసి, దానికి దేశాభివృద్ధియనియో కాలమహిమయనియో పేరు పెట్టుట త్యాగము కాదు. మన నేతగాండ్రు మగ్గములు అటకెక్కించినప్పుడు, ఇండియా మిల్లు గొట్టము కట్టినవారిలో ఒక్కడైనను ఓడ యెక్కి చీరాలకో పొందూరుకో వచ్చి, వారి అరుగు మీద కూర్చుండలేదు.

ఇంతవరకు వ్రాసి ఆపినయెడల నేను ఇతరుల పాపమును లెక్కించినవాడనగుదును. నాకు రెండెకరముల మాగాణి గలదు. 2016లో మొదటిసారి కోత మిషను పెట్టించితిని. తుపాను భయమనియు, కూలీలు దొరకుట లేదనియు అందరితో చెప్పితిని. తుపాను మాట నిజమే. కూలీలు దొరకని మాట నిజము కాదు. మా పేట స్త్రీలు పదిమంది ప్రతి యేడు ఆ చేను కోసెడివారు. వారిలో ఆరుగురు మా సంఘమువారే. మిషను అయితే గంటలలో ముగియును, ఖర్చు తక్కువ, అంతే. ఆ యేటి కోతపండుగ ఆరాధనలో నేను ధాన్యపు బస్తా మోసికొని వచ్చి బల్ల ముందు దింపినప్పుడు, ఆ ఆరుగురును స్త్రీల వైపు చాపల మీద కూర్చుండి చూచుచుండిరి. ఎవరును ఏమియు అనలేదు. డార్వెన్ స్త్రీల వలె పెదవులు కదిపి ఏమనుకొనిరో చదువుట నాకు రాదు.

ఇంగ్లండు నుండి తిరిగి వచ్చిన తరువాత ఒక సాయంకాలము వారిలో పెద్దదాని యింటికి వెళ్లితిని. పీట వేసినది. టీ ఇచ్చినది. మిషను సంగతి నేనే ఎత్తి, తప్పు చెప్పుకొంటిని.

"ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ అయ్యగారూ" అన్నది. "మిషను పెట్టేముందు ఒక్క మాట చెప్తే, వేరే ఊరి కోతలైనా ఒప్పుకుందుం. మీరు పిలుస్తారని కొడవళ్లు నూరుకుని కూర్చున్నాం."

ఆ కొడవళ్ల మాట నాకు తెలియదు. తల వంచుకొని టీ త్రాగితిని.

కొంత సేపటికి ఆమెయే, "పోనీ, మినుము తీతకైనా మమ్మల్నే పిలుస్తారా?" అని అడిగినది. పిలుచుదునని మాట యిచ్చితిని. వరి కోత మాత్రము ఈ యేడును మిషనుకే ఒప్పుకొంటినని కూడ దాచక చెప్పితిని. ఆ యేడు మినుము తీతకు వారే వచ్చిరి. కూలి చేతికిచ్చినప్పుడు ఆమె కొంగున ముడి వేసికొనుచు, "కాలవ అవతల మినుముకీ మిషను దింపారంటండీ. వచ్చే యేడో?" అన్నది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ముందుగా మీ యింటికి వచ్చి చెప్పుదునంటిని.