ఏ 'మనం'లో మేమున్నాం?

తిరుపతి చుట్టుపక్కల బడుల పిల్లలను ఏడాదికోసారి చంద్రగిరి కోటకు తీసుకుపోవడం మామూలే. బస్సెక్కితే ఎంతో దూరం లేదు. పులిహోర పొట్లాలు, నీళ్ళ సీసాలు, ఇద్దరిద్దరుగా వరుసలు. రాజమహల్లో కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. గుడిమల్లం, యాగంటి, గండికోటల నుంచి తెచ్చిన శిల్పాలు అక్కడ చూడొచ్చు. శుక్రవారం సెలవు. మా జుమ్మాను గుర్తుపెట్టుకుని ఇచ్చింది కాదులెండి!

మా పిల్లలూ పోతారు. మిగతా పిల్లలకు అది విహారం. మా పిల్లలకు మాత్రం ఒకచోట అది విచారణ అవుతుంది. ఆ చోటు 1646. గోల్కొండ సైన్యం చంద్రగిరిని పట్టుకున్న సంవత్సరం. అంతవరకూ 'మన రాయలు', 'మన రాజ్యం' అంటూ వచ్చిన మాస్టరు అక్కడికి రాగానే 'తురకలు వచ్చినారు, అంతా పోయింది' అంటాడు. ఆయన ఎవరినీ ఉద్దేశించి అనడు, మాకు తెలుసు. కానీ వరుసలో నాలుగైదు తలలు వెనక్కి తిరుగుతాయి. ఎవరివైపో చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రం మా ఇళ్ళల్లో ప్రశ్న పడుతుంది: "అబ్బా, ఆ రాజ్యాన్ని పడగొట్టింది మనమేనా?"

మేం ఇంట్లో మాట్లాడే ఉర్దూలో 'హమ్' ఒక్కటే. తెలుగులో రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుంటే 'మనం', బయట నిలబెడితే 'మేము'. ఇంత సూక్ష్మమైన తేడా ఉన్న భాషలో పాఠం వింటున్న పిల్లవాడికి తాను ఎక్కడున్నాడో తెలియకుండా ఎలా ఉంటుంది? 'మన రాయలు' అన్నప్పుడు ఆ 'మన'లో వాడున్నాడా? 'తురకలు వచ్చినారు' అన్నప్పుడు ఆ వచ్చినవాళ్ళలో ఉన్నాడా? రెండింటిలోనూ ఉండలేడు. ఎక్కడుండాలో వాడికి వాడే తేల్చుకోమని వదిలేస్తారు. వాడి వయసు పదకొండేళ్ళు.

అసలు మేమెవరం? మా తాతలు దూదేకినవాళ్ళు, గాజుల మలారం మోసినవాళ్ళు, గిన్నెలకు కళాయి పూసినవాళ్ళు, జట్కా తోలినవాళ్ళు. గోల్కొండ ఖజానాలోంచి మాకు దమ్మిడీ రాలేదు. ఆర్కాటు నవాబు ఇచ్చిన ఇనాం మాన్యాలు మా పేర్లమీద లేవు. పల్లెల్లో అందరికీ తెలిసిన న్యాయం ఒకటుంది. ఆస్తిలో భాగం ఉన్నవాడే అప్పులోనూ భాగస్తుడు. ఆస్తి పంపకంలో లేనివాడి నెత్తిన మూడున్నర వందల ఏళ్ళకు పైబడిన అప్పు రాయడం ఏ పంచాయితీలో చెల్లుతుంది?

ఈ లెక్క మా వాళ్ళకూ వర్తిస్తుంది. మా కుర్రాళ్ళలో కొందరు టిప్పు మావాడని, హైదరు మావాడని రొమ్ము విరుచుకుంటారు. హైదర్ అలీ 1782 డిసెంబరులో ప్రాణం విడిచింది చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులోనే. ఆ మాట పాఠంలో చెప్పరని వాళ్ళ కోపం. చెప్పాల్సిందే. కానీ వాళ్ళ కీర్తిలో వాటా అడిగితే, వాళ్ళ దండు తొక్కిన చేలకూ జవాబు చెప్పాలి. కీర్తి మాకు, నింద మీకు అనే బేరం ఎవరు చేసినా మోసమే. 'మన రాయలు' అనే మాట కూడా అదే తూకంలో వెయ్యాలి. ఆ వరుసలోనే నిలబడిన మాలపల్లె పిల్లవాడి పూర్వీకులను రాయలవారి కొలువులో ఎక్కడ నిలబెట్టేవారో మాస్టరు చెప్పడు.

ఇంకో సంగతి. గోల్కొండ రావడానికి ఏడేళ్ళ ముందు, 1639లో, ఈ చంద్రగిరి రాజుకు లోబడిన దామెర్ల నాయకుడే మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చినాడు. దాన్ని మాస్టర్లు గొప్పగా చెబుతారు, మద్రాసు పుట్టింది మన చంద్రగిరి చలవతోనేనని. ఆ ఇచ్చింది చివరికి ఏ బానిసత్వానికి దారితీసిందో అందరికీ తెలుసు. అయినా ఆ మాట చెప్పినప్పుడు వరుసలో ఏ తలా వెనక్కి తిరగదు. ఏడేళ్ళ తేడాతో జరిగిన రెండు సంఘటనల్లో ఒకటి చరిత్ర, ఒకటి నేరం ఎట్లా అయినాయి?

మ్యూజియం మీద మాకు ఫిర్యాదు లేదు. ఆ కట్టడం మాస్టరుకంటే నిజాయితీగా ఉంది. రాయి, ఇటుక, సున్నంతో, కొయ్యముక్క వాడకుండా లేపిన మేడ. కింద కమానులు, పైన గుడి గోపురాల్లాంటి శిఖరాలు. కట్టించినవాళ్ళు విజయనగర రాజులే. కమాను తురకలదని వాళ్ళు పక్కన పెట్టలేదు. వాళ్ళ రాజధాని హంపీలో రెండో దేవరాయల కొలువులో ఉన్న అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదు ఇప్పటికీ ఉంది. అటు గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా ఏడేళ్ళు విజయనగరంలోనే తలదాచుకున్నాడు. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడు. మాటలూ అంతే. మహల్, కమాను, బురుజు, దర్వాజా అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చినవే. అవి తీసేస్తే మాస్టరు పిల్లలకు కోట చూపించలేడు. గండికోటలో మాధవరాయ స్వామి గుడికి దగ్గరలోనే జామా మసీదు ఉంది. మసీదును పెకలించి తెచ్చి గాజుపెట్టెలో పెట్టలేరు గదా, అందుకని ఆ సంగతి ఎవరో ఒకరు నోటితో చెప్పాలి.

కొందరు మంచి మాస్టర్లున్నారు. మా పిల్లల మొహం చూసి మాట మారుస్తారు. బీబీ నాంచారి కథ చెబుతారు. గుంటూరు నుంచి ఒక ముస్లిం భక్తుడు తిరుమల స్వామికి 108 బంగారు పద్మాలు సమర్పించుకున్న సంగతి చెబుతారు. వాళ్ళ మనసుకు సలాం. కానీ అక్కడా మేం కానుక పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన అతిథులమే. కత్తి పట్టుకుని వచ్చినా, పువ్వు పట్టుకుని వచ్చినా, 'వచ్చినవాళ్ళం' అనడం మాత్రం పోదు. ఆ మహలుకు సున్నం నూరినవాళ్ళు, రాళ్ళు మోసినవాళ్ళు, గుర్రాలకు లాడాలు కొట్టినవాళ్ళు ఎవరని ఏ మాస్టరయినా అడిగితే, వరుసలోని పిల్లలందరికీ ఆ కోటలో తమ తాతలు దొరుకుతారు.

టూరు అయినాక వారానికి తెలుగు క్లాసులో 'మీరు చూసిన చారిత్రక స్థలం' మీద వ్యాసం రాయిస్తారు. మా పిల్లల కాంపోజిషన్ నోటుపుస్తకాలు తీసి చూడండి. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా, 'మన రాజ్యాన్ని ముస్లింలు నాశనం చేసిరి' అని రాసివుంటారు. పక్కన ఎర్రసిరాతో రైటు మార్కు ఉంటుంది.